రిపోర్టులన్నీ నార్మల్, అమ్మకి మాత్రం ఒళ్ళంతా మంటలు: డిప్రెషన్ దేశానికో రకంగా ఉంటుందా?

మీరు రాసినది రెండుసార్లు చదివాను. తెనాలి దగ్గరి ఊరి నుంచి మీ అమ్మగారు డాలస్ వచ్చి ఐదు నెలలైంది. నాన్నగారు పోయి రెండేళ్ళు. వచ్చిన రెండో నెల నుంచి అరికాళ్ళు, అరచేతులు మంటలు, కడుపులో గ్యాస్, గుండె దడ, తల బరువు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఒక రాత్రి ఎమర్జెన్సీకి కూడా తీసుకెళ్ళారు. ఈసీజీ, స్ట్రెస్ టెస్ట్, థైరాయిడ్ అన్నీ నార్మల్. చివరికి అక్కడి డాక్టర్ డిప్రెషన్ ఉందో లేదో చూసే తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తే మీరే తెలుగులో చదివి వినిపించారు. ఆవిడ అన్నిటికీ ‘అలాంటిదేం లేదు’ అన్నారు. ఊళ్ళో మేనమామగారేమో ‘అది నరాల బలహీనత, ఇక్కడికి పంపించు, ఇంజెక్షన్లు చేయిద్దాం’ అంటున్నారు. డిప్రెషన్ అనేది అమెరికావాళ్ళ జబ్బా, మనవాళ్ళకు వచ్చేది వేరేనా, లేక అమ్మ దాస్తోందా అన్నది మీ ప్రశ్న.

నేను సైకియాట్రిస్టుని. చదువు, మొదటి ఉద్యోగం హైదరాబాదులో. తర్వాత ఏడేళ్ళు ఇంగ్లండులో పనిచేశాను. పద్దెనిమిదేళ్ళుగా గోదావరి జిల్లాలో ప్రాక్టీసు. మీ అమ్మగారిని చూడకుండా ఆవిడకు ఫలానా జబ్బని చెప్పను, చెప్పకూడదు. మీ ప్రశ్నకు మాత్రం నాకు తెలిసినంతలో జవాబు ఇది: జబ్బు చాలావరకు ఒకటే. అది ముందుగా ఏ బాధ రూపంలో, ఏ మాటతో బయటికి వస్తుందన్నది ఊరిని బట్టి, ఎదురుగా వింటున్న మనిషిని బట్టి మారుతుంది. అమ్మగారు దాస్తున్నారని నేను అనుకోవడం లేదు. ఆ కాగితం మీది మాటలు ఆవిడవి కావు. పైగా వాటిని అడిగింది కన్నకొడుకు.

ముందు ఒక జాగ్రత్త. అరికాళ్ళ మంటలు అనగానే మనసు మీదికి నెట్టేయడం నాకు ఇష్టం ఉండదు. షుగర్ ఎలా ఉంది, విటమిన్ బి12 ఎంత ఉంది, హిమోగ్లోబిన్ ఎంత అన్నది మీరు రాయలేదు. శాకాహారులైతే, మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, ఏళ్ళ తరబడి పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటుంటే బి12 తగ్గే అవకాశం ఎక్కువ. అది తగ్గితే కాళ్ళ మంటలూ వస్తాయి, దిగులూ వస్తుంది. ‘ఇది మానసికం’ అని నా దగ్గరికి పంపిన ఒక పెద్దావిడకు తీరా చూస్తే బి12 బాగా తక్కువగా ఉంది, దానితోపాటు డిప్రెషన్ కూడా ఉంది. రెండిటికీ వైద్యం చేశాకే ఆవిడ తేరుకున్నారు. ఆ పరీక్షలు చేయించి ఉండకపోతే చేయించండి. అవి బాగానే ఉన్నాయనుకుని మిగతాది రాస్తున్నాను.

మీ మేనమామగారి మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి పెద్ద చరిత్ర ఉంది. 1869లో జార్జ్ బియర్డ్ అనే న్యూయార్క్ డాక్టర్ ‘న్యూరస్తీనియా’ అనే జబ్బును ప్రచారంలోకి తెచ్చాడు. నరాల్లోని శక్తి ఖర్చయిపోవడం వల్ల నీరసం, తలనొప్పి, నిద్రలేమి, అజీర్తి, దడ వస్తాయని ఆయన వాదన. రైళ్ళు, టెలిగ్రాఫు, పత్రికలు వచ్చి మనుషుల నరాలను అలసిపోయేలా చేస్తున్నాయన్నాడు. అప్పట్లో అమెరికాలో చదువుకున్నవాళ్ళు ఈ జబ్బు పేరు చెప్పుకోవడానికి ఏమాత్రం సిగ్గుపడేవాళ్ళు కాదు. ఆ పేరు అక్కడి నుంచి జపాన్‌కి, చైనాకి పాకింది. చైనాలో దాన్ని ‘షెన్‌జింగ్ ష్వైరువో’ అన్నారు. అంటే అచ్చంగా మన ‘నరాల బలహీనత’. కాబట్టి మీ మేనమామగారి నోట ఇప్పుడు వినిపిస్తున్న మాట నూటయాభై ఏళ్ళ కింద అమెరికా డాక్టర్లు ఇచ్చిన రోగనిర్ధారణే.

1980లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు చైనాలోని హునాన్ రాష్ట్రంలో చాంగ్షా నగరానికి వెళ్ళాడు. ఆయన మానవశాస్త్రం కూడా చదివినవాడు. అక్కడి మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో నరాల బలహీనత అని రాసి ఉన్న 100 మందిని కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడాడు. వాళ్ళు చెప్పుకున్నవి తలనొప్పి, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, నీరసం, ఒళ్ళు నొప్పులు. నిదానంగా అడుగుతూ పోతే ఆ 100 మందిలో 87 మందికి డిప్రెషన్ లక్షణాలు పూర్తిగా ఉన్నాయి. మరి వాళ్ళు ముందే ఆ మాట ఎందుకు చెప్పలేదు? సాంస్కృతిక విప్లవం ముగిసి అప్పటికి నాలుగేళ్ళే. ‘నాకు ఆశ లేదు, జీవితం బాగాలేదు’ అని ఎవరైనా అంటే అది ప్రభుత్వం మీద ఫిర్యాదులా వినిపించే కాలాన్ని వాళ్ళు అప్పుడే దాటి వచ్చారు. తలనొప్పి అంటే ఎవరూ తప్పుపట్టరు. దానికి సెలవిస్తారు, తేలిక పని ఇస్తారు. 

క్లైన్‌మన్ గమనించినది ఇంకొకటి ఉంది. నా ప్రాక్టీసులో నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది అదే. డిప్రెషన్ మందులు ఇస్తే చాలామందికి లక్షణాలు తగ్గాయి. అయినా ఇంట్లోనో, పనిచేసే చోటో చిక్కు విడిపోనివాళ్ళు ఆస్పత్రి చుట్టూ తిరగడం మానలేదు. వాళ్ళ ఒంట్లో బాధ వాళ్ళ బతుకులోని బాధ గురించి కూడా చెబుతోంది. మందు దాన్ని సగమే వింది.

మీ అమ్మగారి విషయంలో ఆ రెండో సగం గురించి తర్వాత రాస్తాను.

ఇదంతా ఆసియావాళ్ళకే పరిమితం అని మీకు అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకుంటూ ఇంగ్లండు వెళ్ళాను. ‘తెల్లవాళ్ళు మనసు గురించి చెప్తారు, మనవాళ్ళు ఒంటి గురించి చెప్తారు’ అని మాకు క్లాసులో నేర్పారు. అక్కడ చూసింది వేరు. డెబ్బై దాటిన ఇంగ్లీషు ఆడవాళ్ళు చాలామంది ‘నా నెర్వ్స్ బాగాలేవు డాక్టర్’ అనేవాళ్ళు. ఆ మాటకు నరాలు అనే కదా అర్థం. అక్కడి ఫ్యామిలీ డాక్టర్లు కేసు కాగితంలో తరచుగా రాసుకునే నాలుగక్షరాల పొట్టి మాట ఒకటుంది, ‘టాట్’. ‘టయర్డ్ ఆల్ ద టైమ్’ అని దాని విస్తరణ. ఎప్పుడు చూసినా నీరసం అని వచ్చేవాళ్ళు ఎంతమంది లేకపోతే దానికో పొట్టిపేరు పుడుతుంది! 

1999లో ఒక పెద్ద వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం ఈ విషయాన్ని లెక్కలతో చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో 15 చోట్ల మామూలు క్లినిక్కులకు వచ్చినవాళ్ళను పరీక్షించింది. బెంగుళూరు ఉంది, షాంఘై ఉంది, ఇబాదాన్ ఉంది, పారిస్, బెర్లిన్, మాంచెస్టర్, సియాటిల్ కూడా ఉన్నాయి. డిప్రెషన్ ఉన్నట్టు తేలిన 1,146 మందిలో 69 శాతం మంది డాక్టర్ దగ్గరికి వచ్చింది ఒంటి బాధలతో మాత్రమే. ఇది అన్ని దేశాలూ కలిపి. ఆ తర్వాత నేరుగా మనసు గురించి అడిగితే ‘అలాంటిదేమీ లేదు’ అన్నవాళ్ళు 11 శాతమే. అంటే అడిగితే చెప్పారు. ఒంటి బాధలతోనే వచ్చేవాళ్ళ శాతం ఊరికీ ఊరికీ చాలా తేడాగా ఉంది. ఆ తేడాకు కారణం తూర్పు, పడమర కాదు. తమను ఎప్పటినుంచో ఎరిగిన ఒక సొంత డాక్టర్ ఉన్న చోట మనసు మాట ముందే వచ్చింది. ప్రతిసారీ కొత్త మొహం ఎదురయ్యే చోట ఒంటి మాట వచ్చింది. మీ అమ్మగారు గత మూడు నెలల్లో ఎంతమంది కొత్త డాక్టర్లను చూశారో ఒకసారి లెక్కపెట్టండి.

2008లో ఆండ్రూ రైడర్ బృందం మరో పని చేసింది. అదే చాంగ్షాలోని పేషెంట్లను, కెనడాలో టొరొంటోలోని యూరోపియన్ మూలాల పేషెంట్లను పక్కపక్కన పెట్టి పోల్చింది. చైనావాళ్ళు ఒంటి బాధలు కొంత ఎక్కువగా చెప్పిన మాట నిజమే. కానీ అంతకన్నా పెద్ద తేడా రెండో వైపు కనిపించింది. టొరొంటోవాళ్ళు మనసు గురించి చాలా ఎక్కువగా చెప్పారు. ఎప్పుడూ మనల్నే ‘వీళ్ళెందుకు ఒంటి గురించి చెప్తారు’ అని అడుగుతూ వచ్చారు కదా. ‘వాళ్ళెందుకు అంతగా మనసు గురించి చెప్తారు’ అన్నది కూడా అంతే అడగదగ్గ ప్రశ్న అని ఇది చదివాక నాకు గట్టిగా అనిపించింది. ప్రపంచంలో ఎక్కువమంది మనుషులకు దుఃఖం ఒంట్లోనే తెలుస్తుంది. గుండె బరువెక్కుతుంది, గొంతు పట్టేస్తుంది, కడుపు తరుక్కుపోతుంది. 

మన దేశం సంగతి చెప్పేటప్పుడు బెంగుళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అధ్యయనాన్ని వదలలేను. డాక్టర్ రఘురామ్, మిచెల్ వైస్ తదితరులు 1996లో ప్రచురించారు. డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా ఉన్నవాళ్ళు తమకు పరువు పోతుందన్న భయాన్ని ఎక్కువగా చెప్పారు. ఒంటి బాధలు ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఆ భయం తక్కువ. వాళ్ళ మాటల్లో కారణం కూడా దొరికింది. నొప్పులు అందరికీ ఉంటాయి, పక్కింటావిడతో చెప్పుకోవచ్చు. మనసు బాగాలేదంటే పిల్లల పెళ్ళిళ్ళ దాకా పోతుంది. మన దగ్గర ఇది ఎంత నిజమో నేను మీకు చెప్పక్కర్లేదు. నా క్లినిక్కు మెట్లు ఎక్కేటప్పుడు కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్ళు, పక్కనున్న పంటి డాక్టర్ దగ్గరికి వచ్చినట్టు నిలబడి, వీధిలో జనం తగ్గాక లోపలికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ‘ఎర్రగడ్డ’ అన్నది హైదరాబాదులో మానసిక వైద్యశాల ఉన్న ఒక పేట పేరు. తిట్టుగా వాడని తెలుగు కుర్రాడు అరుదు. ఆ మాటలు వింటూ అరవై ఏళ్ళు బతికిన మనిషి ‘నాకు మనసు బాగాలేదు’ అని ముందుగా ఎందుకు అంటుంది?

అలాగని మన భాషలో ఆ బాధకు మాటలు లేవని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంగ్లండు నుంచి వచ్చాక నేను చేసిన మొదటి పని నా పేషెంట్ల మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం. హైదరాబాదు రోజుల్లో కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్ళు ‘రంది పెట్టుకున్నడు’, ‘మనాది పట్టుకుంది’ అనేవాళ్ళు. మనోవ్యాధి అనే సంస్కృతపదమే జనం నోళ్ళలో అరిగి అరిగి మనాది అయింది, కొన్నిచోట్ల మనేద అంటారు. మనాది పట్టిన మనిషి తిండి మానేస్తుంది, చిక్కిపోతుంది, నిద్రపోదు, ఎవరితోనూ మాట్లాడదు. మా పాఠ్యపుస్తకంలో డిప్రెషన్‌కు ఇచ్చిన జాబితాలో సగం ఈ ఒక్క మాటలో ఉంది. కోస్తాలో దిగులు, బెంగ. రాయలసీమవాళ్ళు యాష్టకొచ్చింది అంటారు. ఇంకో విషయం గమనించండి. బెంగ, మనాది, రంది అన్నీ మనసులో పుట్టి ఒంటిని తినేవే. మనసు వేరు, ఒళ్ళు వేరు అని ఈ మాటలు గీత గీయవు. ఆ గీత గీసింది మా వైద్యులమే.

మిగతా దేశాల్లోనూ ఇలాంటి మాటలున్నాయి. కొన్ని మన మాటలకు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. కంబోడియా నుంచి యుద్ధం తర్వాత అమెరికా చేరిన శరణార్థులు ‘ఖ్యాల్’ అనే బాధ చెప్తారు. ఖ్యాల్ అంటే గాలి. ఒంట్లో గాలి పైకి ఎగదన్ని గుండెను, మెడ నరాలను, తలను పట్టేస్తుందని, ప్రాణం పోతుందని వాళ్ళ భయం. డెవన్ హింటన్ అనే డాక్టర్ దీన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేశాడు. డాక్టర్లు దాన్ని పానిక్ ఎటాక్ కింద గుర్తిస్తారు. మన ‘గ్యాస్ గుండెకి పట్టేసింది, తలకెక్కింది’ అన్న మాటకు ఇది ఎంత దగ్గరో చూడండి. మెక్సికో పల్లెల్లో ‘సుస్తో’ అంటారు. హఠాత్తుగా భయపడితే ప్రాణం ఒంట్లోంచి జారిపోయి మనిషి నీరసించిపోతుందని నమ్మకం. మన జడుపు జ్వరం, దానికి కట్టే తాయెత్తు గుర్తుకు రాలేదూ? ఒహాకా ప్రాంతంలో సుస్తో ఉన్నవాళ్ళను, లేనివాళ్ళను కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే ఉన్నవాళ్ళలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. పల్లెటూరి నమ్మకం అని కొట్టిపారేయకూడదని అది చదివినప్పుడు నేర్చుకున్నాను. పేరు వాళ్ళది, బాధ నిజం.

జింబాబ్వేలో షోనా భాషలో ‘కుఫుంగిసిసా’ అంటారు. అతిగా ఆలోచించడం అని అర్థం. ‘ఆలోచనలు ఎక్కువైపోయాయండీ, తల వేడెక్కిపోతోంది’ అని నా దగ్గర రోజుకు నలుగురైనా అంటారు. అక్కడ డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో హరారే నగరంలో ఈ మాటనే పట్టుకుని పని మొదలుపెట్టాడు. డిప్రెషన్ అనే పేరు పెట్టకుండా, 14 మంది నాయనమ్మల వయసు ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి, క్లినిక్కు ఆవరణలో చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టాడు. కుఫుంగిసిసా ఉన్నవాళ్ళు వచ్చి ఆ అవ్వ పక్కన కూర్చుని చెప్పుకోవడం, ఇద్దరూ కలిసి ఒక్కో సమస్యకు దారి వెతకడం. 2016లో వచ్చిన ఫలితాల్లో ఆరు నెలల తర్వాత వాళ్ళ డిప్రెషన్ లక్షణాలు మామూలు వైద్యం అందుకున్నవాళ్ళకన్నా బాగా తక్కువగా ఉన్నాయి. జనం మాటతో మొదలుపెడితే వైద్యం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి నేను విద్యార్థులకు చెప్పే మొదటి ఉదాహరణ ఇదే. 

మీ రెండో అనుమానం ‘ఇది అమెరికావాళ్ళ జబ్బా’ అన్నది. దీన్ని ఒకప్పుడు పెద్దవాళ్ళే రాశారు. 1953లో కరోథర్స్ అనే డాక్టర్ రాసిన పుస్తకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థే వేసింది. ఆఫ్రికావాళ్ళకు డిప్రెషన్ అరుదని, వాళ్ళ బుర్ర నిర్మాణమే వేరన్నట్టు రాశాడాయన. వలసపాలన కాలపు అహంకారం అందులో ఉంది. పదేళ్ళు తిరక్కుండానే నైజీరియా సైకియాట్రిస్టు లాంబో, అమెరికా నుంచి లేటన్ కలిసి యోరుబా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చూస్తే డిప్రెషన్ లక్షణాలు బాగానే కనిపించాయి. ‘మనవాళ్ళకు ఇలాంటివి రావు, కుటుంబం ఉంటుంది కదా’ అని మనం గర్వంగా అనే మాట కూడా, మనకు తెలియకుండా, ఆ పాత వాదనకే మరో ముఖం. అందుకే ఆ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. ఆ మాట వల్ల వైద్యం అందనివాళ్ళను చూస్తున్నాను.

నిజంగా మారేవి, మారనివి ఏమిటంటే: 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బాసెల్, మాంట్రియల్, టెహ్రాన్, టోక్యో, నాగసాకి పేషెంట్లను పోల్చింది. దిగులు, ఏదీ సంతోషం ఇవ్వకపోవడం, ఆందోళన, నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం, నేను పనికిరాననిపించడం అన్నిచోట్లా ఎక్కువమందిలో ఉన్నాయి. తప్పు చేశానన్న భావన స్విట్జర్లాండ్, కెనడాల్లో ఎక్కువ, టెహ్రాన్‌లో తక్కువ. ఒంటి బాధలు టెహ్రాన్‌లో ఎక్కువ. మన దగ్గర తప్పు చేశానన్న భావన వేరే వేషంలో వస్తుంది. ‘నేను చెడ్డదాన్ని’ అని మనవాళ్ళు అరుదుగా అంటారు. ‘ఏ జన్మలో చేసుకున్న పాపమో’, ‘మీ అందరికీ భారమైపోయాను నాయనా’ అంటారు. ఈ రెండో మాట మీ అమ్మగారు అంటున్నారేమో గుర్తుచేసుకోండి. నేను దాన్ని లక్షణంగానే రాసుకుంటాను.

వేరే జబ్బుల్లోనూ ఇంతే. మనుషులు లేకుండా మాటలు వినిపించే జబ్బు ఉన్నవాళ్ళను తాన్యా లూర్మన్ బృందం చెన్నైలో, ఘనాలోని ఆక్రాలో, అమెరికాలో కాలిఫోర్నియాలో పోల్చింది. ఒక్కో చోట 20 మంది. కాలిఫోర్నియావాళ్ళకు వినిపించేవి ఎక్కువగా హింసించే గొంతులు. చెన్నైలో చాలామందికి చుట్టాల గొంతులు, స్నానం చెయ్యి, వంట చెయ్యి అని పని చెప్పేవి, మందలించేవి. ఆక్రాలో దేవుడి గొంతు. జబ్బు వినిపింపజేస్తుంది, ఏం వినాలో మనం పెరిగిన ఇల్లు నేర్పుతుంది.

ఇప్పుడు మీ ఇంట్లో పని. ఆ తొమ్మిది ప్రశ్నల కాగితం మంచి సాధనమే, నేనూ వాడతాను. కానీ కొడుకు చదివి వినిపిస్తే పనిచేయదు. రెండేళ్ళ కింద భర్తను పోగొట్టుకున్న తల్లి, తనను విమానం టికెట్ కొని తెచ్చుకున్న కొడుకు మొహం చూస్తూ ‘నాకు ఇక్కడ ఏమీ బాగాలేదు’ అని ఎలా చెబుతుంది? కోడలు వింటుంటే ఇంకా చెప్పదు. ఈసారి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని చెప్పండి. అక్కడ ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఉచితంగా ఏర్పాటు చేయాలి, సాధారణంగా ఫోన్లోనో వీడియోలోనో ఇస్తారు. మీరు గది బయట కూర్చోండి. ‘అమ్మా, నేను కాసేపు బయట ఉంటాను, నీకు చెప్పాలనిపించింది చెప్పు’ అని మీరే అనండి.

ఇంట్లో మీరు అడిగే తీరు కూడా మార్చండి. ‘దేనిమీదైనా ఆసక్తి తగ్గిందా’ అంటే ‘ఈ వయసులో ఆసక్తులేంటి నాయనా’ అంటారు. రోజూ చూసే సీరియల్ చూస్తున్నారా, పూజ మునుపటంతసేపు చేస్తున్నారా, మామిడికాయలు కనిపిస్తే పచ్చడి పెట్టాలనిపిస్తోందా, చెల్లెలు ఫోన్ చేస్తే ఎత్తుతున్నారా, మనవడు ఒళ్ళో కూర్చుంటే నవ్వు వస్తోందా అని చూడండి, మామూలు మాటల్లో అడగండి. ముందు మంటల గురించే అడగండి. ‘మంటలు ఎప్పుడు ఎక్కువగా ఉంటున్నాయమ్మా? రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఏం గుర్తొస్తోంది?’ ఒంటి గుమ్మం గుండానే లోపలికి వెళ్ళాలి. ‘నీకు ఒంట్లో ఏమీ లేదు, అంతా మనసే’ అన్న మాట మాత్రం ఎప్పుడూ అనకండి. బాధలో ఉన్న మనిషికి అది ‘నువ్వు నటిస్తున్నావు’ అన్నట్టే వినిపిస్తుంది. మంటలు ఆవిడకు నిజంగా తెలుస్తున్నాయి. నేను పేషెంట్లతో ఇలా అంటాను: ‘దిగులు, నిద్రలేమి ఎక్కువకాలం ఉంటే నొప్పిని అదుపులో పెట్టే శక్తి తగ్గుతుందమ్మా, అందుకే చిన్న మంట పెద్దగా తెలుస్తోంది. దానికి మందుంది.’ ఇది ఊరడింపుకు చెప్పే మాట కాదు, శాస్త్రం ప్రకారం కూడా సరైనదే.

ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి. ‘దేవుడు తీసుకెళ్ళిపోతే బాగుండు’ అని మన పెద్దవాళ్ళు అంటే భక్తి మాటగా వదిలేస్తాం. వదిలేయకండి. ‘అమ్మా, పడుకుని మళ్ళీ లేవకపోతే బాగుండు అనిపిస్తోందా? ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ అని సూటిగా, మెత్తగా అడగండి. అడిగినందువల్ల కొత్తగా ఆ ఆలోచన రాదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మందుల సీసాలు అందకుండా పెట్టండి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. అమెరికాలో 988 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.

వైద్యం గురించి క్లుప్తంగా. మేనమామగారు చెప్పే ఇంజెక్షన్లు చాలావరకు బి విటమిన్లు. బి12 తక్కువగా ఉంటే అవి నిజంగా అవసరం. లేకపోతే రెండు రోజుల ఊరట తప్ప ఏమీ ఉండదు. డిప్రెషన్ అని డాక్టర్ తేలిస్తే, దాని మందులు దిగులుతోపాటు నిద్రను, ఒంటి బాధలను కూడా తగ్గిస్తాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పడం ఉండొచ్చు. ‘గ్యాస్ ఇంకా పెరిగింది’ అని మానేసేది సరిగ్గా అప్పుడే, కాబట్టి ముందే చెప్పి ఉంచండి. బీపీకి నీటిమాత్ర వాడుతుంటే రక్తంలో సోడియం చూడమని డాక్టర్‌ని అడగండి. పెద్దవయసులో ఈ మందులతో అది తగ్గవచ్చు. ఊరి నుంచి నిద్రమాత్రలు తెచ్చుకున్నారేమో సంచీలో చూడండి. ఆల్‌ప్రజోలామ్ లాంటిది నెలల తరబడి వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపించకండి, డాక్టర్‌కి చెప్పి మెల్లగా తగ్గించాలి. 

ఇక క్లైన్‌మన్ చెప్పిన రెండో సగం. మీ అమ్మగారి రోజు ఎలా గడుస్తోందో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం ఉంది: ‘మేమిద్దరం ఎనిమిదికి వెళ్ళి ఆరుకు వస్తాం.’ తెనాలి దగ్గర ఆవిడ వీధి అరుగు మీద కూర్చుంటే పదిమంది పలకరించేవాళ్ళు. భర్త పోయిన తర్వాత కూడా పాలబ్బాయి, పక్కింటావిడ, గుడిలో పూజారి ఉన్నారు. అక్కడ ఆయన గురించి మాట్లాడటానికి ఆయన్ని ఎరిగినవాళ్ళున్నారు. డాలస్‌లో తలుపు తీస్తే ఖాళీ రోడ్డు, కారు నడపడం రాదు, భాష రాదు. భర్త పేరు రోజంతా ఎవరి నోటా వినబడదు. మీ వీధిలోనో పక్క కాలనీలోనో ఇలాగే వచ్చి ఉన్న తల్లిదండ్రులు తప్పకుండా ఉంటారు, డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు అంతమంది ఉన్నారు. వారానికి రెండు పగళ్ళు ఆవిడను వాళ్ళ దగ్గర దింపండి. చెల్లెలితో ఫోన్‌కు ఒక వేళ పెట్టండి. మీకు ఉదయం ఏడంటే తెనాలిలో సాయంత్రం, ఇద్దరికీ తీరిక. ఆదివారం భోజనాల దగ్గర మీ నాన్నగారి మాట మీరే తీయండి. అమ్మ ఏడుస్తుందని పిల్లలు ఆ పేరు ఎత్తడం మానేస్తారు, దానివల్ల ఆవిడ ఇంకా ఒంటరిదవుతుంది. 

రిటర్న్ టికెట్ ఎప్పటికి ఉందో మీరు రాయలేదు. మందు మొదలుపెడితే తగ్గిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాల్సి ఉంటుంది, కాబట్టి మధ్యలో ప్రయాణం వస్తే ఇబ్బంది. మందు అసలు పేరు, మోతాదు కాగితం మీద రాయించి ఆవిడ పర్సులో పెట్టండి, అమెరికా బ్రాండు పేరు చెబితే మన మెడికల్ షాపులో తెలియకపోవచ్చు. ఆవిడ వచ్చేలోపు గుంటూరులోనో విజయవాడలోనో ఒక డాక్టర్‌ని మాట్లాడి ఉంచండి. ఇక్కడికి వచ్చాక 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు తీసుకోరు. బి12, సోడియం రిపోర్టులు వచ్చాక, దుబాసీతో మాట్లాడించాక మళ్ళీ రాయండి.